యేసుసామి సాలు

మా తమ్ముడి జ్ఞాపకార్థ కూటంలో యువ పాస్టరుగారు ఒక సాక్ష్యం చెప్పారు. మా నాయన దావీదు తిరుపతిలో పూలతోట చేసేవాడనీ, ఆ తోటలో పండిన తులసి, మరువం కొండకు పోయేవనీ, ఒకనాడు ప్రభువు ఆయనతో మాట్లాడగానే ఆయన తులసి మొక్కలన్నింటినీ తన చేతులతో వేళ్లతో సహా పీకి, కుప్ప వేసి నిప్పు పెట్టాడనీ చెప్పారు. జనం ఆమేన్ అన్నారు. తమ్ముడి మనవలు కళ్లు తుడుచుకున్నారు. నేను ముందు బెంచీలోనే ఉన్నాను. లేచి అది తప్పు అని చెప్పేదాన్నే. చావు జరిగిన ఇంట్లో లెక్కలు సరిచేయకూడదని ఊరుకున్నాను.

చిత్తూరులో ఉద్యోగం చేసినంత కాలం పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. జవాబు అందంగా ఉందని మార్కులు వేసే అలవాటు నాకు లేదు. మా నాయన తులసి పీకలేదు. నిప్పు పెట్టలేదు. పచ్చి తులసి అంత సులువుగా అంటుకోదు కూడా. ఆ తోటను మేము వదిలింది చాలా కాలం తర్వాత, బావిలో నీళ్లు అడుగంటినప్పుడు. అయితే ఆ తులసి వల్ల కొన్ని నెలల పాటు ఆయన ప్రభు బల్లకు, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారానికి, దూరంగా కూర్చున్న మాట నిజం. ఆ సంగతి కళ్లారా చూసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని రాస్తున్నాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, విడివిడిగా చెబుతాను.

అది ఏ సంవత్సరమని అడిగితే ఇలా లెక్క కట్టుకుంటాను. యుద్ధం ఇంకా అయిపోలేదు, కిరసనాయిలు రేషను మీద ఇస్తున్నారు. కొండ మీదికి కొత్తగా బస్సు రోడ్డు వేశారు, కాలినడకన ఎక్కలేని ముసలివాళ్లంతా ఆ మాటే చెప్పుకుంటున్నారు. కాబట్టి నాకు తొమ్మిదేళ్లు నిండి ఉండాలి, తమ్ముడికి ఐదు. మా తోట తిరుచానూరు పోయే దారిలో, ఊరు దాటాక ఉండేది. సొంతం కాదు, కౌలు. తోటలోనే ఒక మూల మా ఇల్లు, మట్టిగోడలు, బోదగడ్డి కప్పు. బావికి కపిల ఉండేది. తెల్లవారకముందే నాయన ఎద్దులను కట్టేవాడు. అవి వాలు మీద దిగి మళ్లీ వెనక్కి నడిచినప్పుడల్లా గిలక కీచుమనేది, తోలుసంచి లోంచి నీళ్లు దబ్బున కాలువలో పడేవి. తడిసిన మోకు వాసన, ఎద్దుల వాసన, వాటి వెనక మరువం వాసన, ఈ మూడూ ఎప్పుడూ ఇదే వరసలో వచ్చేవి. పొద్దున చద్ది సంగటి, చెనిగ్గింజల పచ్చడి, మా మాటలో ఊరిమిండి, తినేది కోత అయ్యాకే. అంతకుముందు ఎవరి గొంతులోనూ నీటి చుక్క దిగకూడదు. అది అవ్వ చట్టం.

అవ్వ అంటే మా నాయన తల్లి. తోటను నడిపింది నాయనే అయినా తోటకు నీతి పెట్టింది ఆమె. కోతకు ముందు మమ్మల్నందరినీ బావి దగ్గర నిలబెట్టి కాళ్లూ చేతులూ కడిగించేది, నోరు పుక్కిలింపించేది. తర్వాత గట్టు మీద నిలబడి ప్రార్థన. ఆ ప్రార్థనలో ఎద్దులు ఉండేవి, సంఘం ఉండేది, యుద్ధంలో ఉన్న ఎవరెవరి కొడుకులో ఉండేవాళ్లు, చివర పూలు కొనే ఆచార్లుగారి మోకాళ్ల నొప్పి ఉండేది. ఆమేన్ అనగానే మా అందరి మూతికీ ముక్కుకూ తలా ఒక పాతగుడ్డ కట్టేది. సామికి పోయే పువ్వును ముందుగా మనుషులు వాసన చూడకూడదని కొనేవాళ్ల నమ్మకం. చూస్తే అది ఎంగిలి కింద లెక్క. మేము చూసినా కొనేవాళ్లకు తెలిసేది కాదు. ఆ మాట నేనొకసారి అన్నాను.

"అవ్వా, మనం ఆ సామిని నమ్మము గదా. మనకెందుకు ఈ గుడ్డ?"

"నమ్మేది వాళ్లు. నమ్మి కొనేది మన దగ్గిర," అంది అవ్వ. "ఎంగిలి కాదని చెప్పి అమ్ముతా ఉండాము. మాట ఇచ్చినాక మాటే. యేసుసామి సూస్తా ఉంటాడు. కట్టుకో."

బుట్టను నేల మీద పెట్టకూడదు, దాటకూడదు. చేయి జారి కింద పడిన పువ్వు మళ్లీ బుట్టలోకి పోకూడదు. పడినవి మావి. అమ్మ వాటిని ఏరి చేటలో వేసేది. కోత అయ్యి గుడ్డలు విప్పాక మేమిద్దరం ఆ చేట మీద పడి ముక్కులు ముంచేవాళ్లం. తమ్ముడు కావాలనే నాలుగు చామంతులు జారవిడిచేవాడు. అవ్వ చూసి, "వీడికి చేతులు గాదు, జల్లెడలు," అనేది.

ఆదివారం మాకు కోత లేదు. ఆదివారం తులసి కొయ్యకూడదని ఆచార్లుగారి శాస్త్రం, ఆదివారం పని చెయ్యకూడదని మా ఆజ్ఞ. ఆదివారానికి కావలసినవి శనివారం సాయంత్రమే కోసి, ఆరకుండా తడిగుడ్డ కప్పి ఇచ్చి వచ్చేవాళ్లం. రెండు మతాలు ఒక్క పనిలో ఇంత సౌకర్యంగా కలవడం మళ్లీ నా జీవితంలో ఎక్కడా చూడలేదు.

ఆచార్లుగారి ఇల్లు గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఉండేది. ఇంటిల్లిపాదీ మాలలు కట్టేవాళ్లు. తరతరాలుగా అదే వాళ్ల కైంకర్యం. మేము అరుగు ఎక్కకూడదు. అరుగు కింద ఒక చదరపు రాయి ఉండేది, దాని మీద బుట్ట పెట్టి వెనక్కి జరగాలి. లోపలి నుంచి ఒకరు వచ్చి బుట్ట మీద నీళ్లు చల్లి తీసుకుపోయేవారు. మేము ఏ కులం నుంచి క్రీస్తులోకి వచ్చామో ఆ రాయికి తెలుసు. అమ్మకు ఆ నీళ్లంటే ఒళ్లు మండేది, అందుకే ఆమె ఎప్పుడూ ఆ సందులోకి రాలేదు. అవ్వ మాత్రం, "సల్లుకోనీలే. మనకూ నీళ్లు పోసే గదా సంఘంలో చేర్చుకున్నారు," అని నవ్వేసేది. నేను అమ్మ పక్షం. ఇప్పటికీ అమ్మ పక్షమే. ప్రేమగా తలుచుకుంటున్నానని ఆ రాయిని లెక్కలోంచి తీసెయ్యలేను. కానీ ఇంకొకటి కూడా లెక్కలో ఉంది. మిగతా తోటలవాళ్ల బుట్టలను ఆచార్లుగారు కిందా మీదా తిరగేసి, "ఎవురు మూచ్చూసినారు దీన్ని?" అని, వాసన చూశారేమోనని గద్దించేవారు. మా బుట్టను ఒక్కసారి కూడా తిరగెయ్యలేదు.

అలా జరిగిపోతుండగా మా చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చారు. నాయుడుపేట వైపు మనిషి, ముప్పై దాటి ఉండవు. సన్నగా, తెల్లటి పంచెలో, ఎప్పుడూ ఏదో నొప్పిని ఓర్చుకుంటున్నట్టు ఉండేవారు. సంఘంలో ప్రతి ఇంటినీ వరసగా దర్శించారు. మా ఇంటికి వచ్చిన రోజు అమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగి, తోటంతా తిరిగి చూసి, తులసి సాళ్ల దగ్గర ఆగిపోయారు.

"ఇది ఎక్కడికి పోతుంది దావీదూ?"

"కొండకు అయ్యగారూ. ఆచార్లుగారు మాల కట్టి పంపిస్తారు."

"అంతా?"

"అంతా."

పాస్టరుగారు కోప్పడలేదు. ఆ మాట రాయకపోతే అన్యాయం. ఆయన గొంతు వణికింది, అంతే. "చూడు దావీదూ. ఒకటి అడుగుతాను. నీ తోటలో తొలికోత తెచ్చి దేవుని బల్ల మీద పెట్టగలవా? అక్కడ పెట్టలేని పంటను విశ్వాసి ఎట్లా పండిస్తాడు? ఇవి పీకెయ్యి. వంగ పెట్టుకో, బెండ పెట్టుకో."

నాయన చేతిలో ఉన్న పారను నేలకు ఆనించాడు. "ఆలోచన చేస్తా అయ్యగారూ."

"చెయ్యి. అందాకా బల్లకు రావద్దు."

ఆయన గేటు దాటిపోయారు. అవ్వ, "మన మజ్జిగ తాగి మనకు బల్ల లేదని పోయినాడు సూడు," అంది. ఎవరూ నవ్వలేదు.

పాస్టరుగారిది పెద్ద హిందూ కుటుంబమనీ, ఆయన బాప్తిస్మం తీసుకున్న రోజు ఆయన తల్లి ఇంటి ముందు తులసికోట దగ్గర కూర్చుని, నా కొడుకు చచ్చిపోయాడని తలస్నానం చేసిందనీ ఆయన భార్య ఒకసారి అమ్మతో చెప్పింది. ఇది నేను విన్నది, చూసింది కాదు. ఆ సంగతి అప్పటికి మాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ మొక్కల మధ్య ఆయన గొంతు ఎందుకు వణికిందో నాయనకు అర్థమయ్యేది.

ఇంట్లో ఆ రాత్రి నుంచే తర్జనభర్జన మొదలైంది. అమ్మ అడిగింది, "పీకేస్తే తినేదేంది? పీకకపోతే ఆదివారం మొగం ఎత్తుకోని పోయేది యాడికి?" నాయన వెంటనే జవాబు చెప్పే మనిషి కాడు. మర్నాడు కపిల తోలుతూ, ఎద్దులతో చెబుతున్నట్టు అన్నాడు: "నేను ఆ సామికి మొక్కతా లేను. మొక్కేవాళ్లకు పూలు అమ్ముతా ఉండాను. అది తప్పో కాదో నాకు తెలీదు. ఎంగిలిపూలు మంచివని అమ్మితే తప్పు. అది మటుకు తెలుసు."

నెలకొకసారి సంస్కారం ఇచ్చే ఆదివారం వచ్చింది. నాయన ఎప్పటిలాగే అందరికంటే ముందు పోయి చర్చి ఆవరణ ఊడ్చాడు, చాపలు పరిచాడు. తర్వాత ఆ చాపల మీద కూర్చోకుండా తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు. మొగవాళ్లు వరసగా ముందుకు పోయి మోకరించి రొట్టె, ద్రాక్షారసం తీసుకుని వస్తున్నారు. ఆయన తల వంచుకుని ఉన్నాడు. ఆడవాళ్ల వరస వచ్చినప్పుడు అమ్మ పోయింది. అవ్వ లేవలేదు. పక్కనున్న ఆమె మోచేత్తో పొడిస్తే, "నా కొడుకు చెప్పుల కాడ కూర్చోనుంటే నాకు రొట్టె గొంతు దిగదు. నువ్వు పో," అంది, పాస్టరుగారికి వినిపించేటంత గట్టిగానే. ఆ తర్వాతి నెలలోనూ అంతే, ఆ పై నెలలోనూ అంతే. ఆ నెలల్లో నాయన అన్నం తగ్గించాడని అమ్మ అనేది. నేను కొలవలేదు కానీ కీర్తన పాడేటప్పుడు ఆయన గొంతు వినబడకపోవడం మాత్రం గమనించాను. చర్చిలో అందరి కంటే అర అక్షరం వెనకగా పాడే గొంతు ఆయనది. అది లేకపోతే పాట త్వరగా అయిపోయినట్టుండేది.

కోతల పండుగ దగ్గర పడింది. ఆ పండక్కి ప్రతి కుటుంబమూ తన పంటలో తొలి ఫలం తెచ్చి బల్ల ముందు పెట్టాలి. వడ్లు, రాగులు, గుమ్మడికాయలు, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని చెట్టు కింద వేలం వేస్తారు, వచ్చింది సంఘానికి. మేము ఎప్పుడూ కాలువ గట్టున కాసిన చిక్కుళ్లో సొరకాయలో తీసుకుపోయేవాళ్లం. ఆ యేడు ఒక సాయంత్రం నాయన సంగటి తింటూ తింటూ చెయ్యి ఆపి, "అయ్యగారు అడిగినాడు గదా, తొలికోత బల్ల మీద పెట్టగలవా అని. పెడతా," అన్నాడు.

"అది అడిగింది గాదురా, తిట్టింది," అంది అవ్వ.

"అడిగినట్టే ఉండాది."

"తులసి తీసుకపోయి చర్చిలో పెడతావా? తన్ని తరుముతారు," అంది అమ్మ.

"పెట్టగలనని నేను అనుకుంటా ఉండాను. పెట్టకుండా యెట్ల తెలుస్తాది?"

మాటను అక్షరాలా పట్టుకోవడం మా ఇంటి జబ్బు. మిగతా ఎవరైనా ఆ ప్రశ్న విని సిగ్గుపడి ఊరుకునేవారు, లేదా కోపం తెచ్చుకునేవారు. మా నాయన ఒక్కడే దాన్ని నిజంగా ప్రశ్న అనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాడు. కానీ దానితో ఇంకో చిక్కు వచ్చింది. తొలికోత ఎప్పుడూ కొండదేనని ఆచార్లుగారికి మాట ఉంది. ఆయనకు చెప్పకుండా తొలికోత చర్చికి పట్టుకుపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఆచార్లుగారు మా బుట్టలు వద్దనవచ్చు. అప్పుడు బల్లా లేదు, బతుకుతెరువూ లేదు. నాయన ఒక రోజంతా బావి చుట్టూ తిరిగాడు. మర్నాడు పొద్దున బుట్ట రాయి మీద పెట్టాక వెనక్కి జరగకుండా అక్కడే నిలబడ్డాడు. నేను చిన్నబుట్ట పట్టుకుని పక్కనే ఉన్నాను.

"ఏమప్పా దావీదూ, కాళ్లు అతుక్కపోయినాయా?" అన్నారు ఆచార్లుగారు అరుగు మీద నుంచి. ఆయనకు అప్పటికే డెబ్బై ఉంటాయి. మోకాళ్లు చాపుకుని మాల కడుతున్నారు.

నాయన సంగతంతా చెప్పాడు. పాస్టరుగారి మాట, బల్ల మాట, కోతల పండుగ మాట. ఆచార్లుగారి వేళ్లు నార మీద ఆగిపోయాయి.

"ఇది నాకు చెప్పకుండా ఉండుంటే తెలిసేదా?"

"తెలిసేది గాదు సామీ."

"మరి ఎందుకు చెప్పినావు?"

"నాకు తెలిసేది గదా సామీ."

ఆచార్లుగారు ఆపిన ముడి బిగించారు. తర్వాత అన్నారు, "ఒక సామికి పెట్టినాక మిగిలింది ఇంకొక సామికి పెట్టకూడదప్పా. అది శేషం. మా సామికి ఎవురి శేషమూ పనికిరాదు."

"మా సామికీ పనికిరాదు సామీ."

లోపల చీకట్లోంచి ఆచార్లుగారి భార్య గొంతు, "సరిపోయినారు ఇద్దురూ," అంది. ఆమె ముఖం నేను ఎన్నడూ చూడలేదు. ఆ గొంతులో నవ్వు ఉంది.

ఆచార్లుగారు నారను తొడ మీద రుద్దుకుంటూ అన్నారు, "ఇట్ల చెయ్. తూరుపు గట్టు పక్కన ఒక సాలు వేరే పెట్టు. కోసేటప్పుడు గాదు, ఇప్పుడే పెట్టు. ఆ సాలు మీ సామిది. దాంట్లోది ఒక ఆకు గూడా నా బుట్టలోకి రాకూడదు. నా సాళ్లలోది ఒక ఆకు గూడా మీ బల్ల మీదికి పోకూడదు. అప్పుడు ఎవురి తొలికోత వాళ్లది." మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు వేలు ఎత్తి, "మీ పండగ ఆదివారమంటివే. ఆదివారం తులసి కొయ్యొద్దప్పా. ఎవురి సామికైనా సరే."

"ఆదివారం నేను కొయ్యను సామీ. నా కారణం వేరే," అన్నాడు నాయన.

ఇంటికి వస్తూ దారిలో ఆయన కూనిరాగం తీశాడు. ఎన్నో నెలల తర్వాత.

ఆ సాయంత్రమే తూర్పు గట్టు పక్క వరసకు రెండు చివర్లా రెండు కంపపుల్లలు పాతాడు. అవ్వ దానికి యేసుసామి సాలు అని పేరు పెట్టింది. మిగతా సాళ్లకు పారినన్ని నీళ్లే దానికీ పారాయి, ఎక్కువా లేదు, తక్కువా లేదు. మాకు మాత్రం ఒక సందేహం వచ్చింది. ఈ సాలును వాసన చూడవచ్చా? యేసుసామి ఎంగిలి పట్టించుకోడు గదా. తమ్ముడు పోయి అవ్వనే అడిగాడు. అవ్వ వక్కాకు నములుతూ ఆలోచించి, "ఆయన ఏమీ అనుకోడు. అయినా వాళ్ల సామికి మూతికి గుడ్డ కట్టుకోని, మన సామికి కట్టుకోకపోతే మనకే బాగుండదు," అంది. కాబట్టి శనివారం సాయంత్రం ఆ సాలునూ గుడ్డలు కట్టుకునే కోశాం. తులసి, దాని అంచున ఉన్న మరువం, కొత్త బుట్టలో, తడిగుడ్డ కప్పి.

ఆదివారం చర్చి నిండింది. బల్ల ముందు వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. మేము గుమ్మంలోకి రాగానే వాసన మా కంటే ముందు లోపలికి పోయింది. తలలు తిరిగాయి. సంఘపెద్ద మేస్త్రి ఒకాయన, "ఏం దావీదూ, తోవ తప్పినావా? గోవిందరాజుల గుడి ఆ పక్క గదా," అన్నాడు. కొందరు నవ్వారు.

"తోవ తెలిసే వచ్చినా అన్నా," అన్నాడు నాయన. నడిచి పోయి బుట్టను గుమ్మడికాయల పక్కన పెట్టి, మళ్లీ వచ్చి చెప్పుల దగ్గర కూర్చున్నాడు.

పాస్టరుగారు కానుకలను ఒక్కొక్కటే చూస్తూ వచ్చి ఆ బుట్ట ముందు ఆగారు. "ఇదేమిటి దావీదూ?"

నాయన లేచి నిలబడ్డాడు. "తొలికోత అయ్యగారూ. బల్ల మీద పెట్టగలవా అని మీరు అడిగినారు. సాలు వేరే పెట్టి, వేరే బుట్టలో తెచ్చినా. ఇది వేరేవాళ్ల శేషం గాదు. ఆచార్లుగారికి చెప్పే కోసినా." అంతే. వాదించలేదు. వాక్యాలు ఎత్తి చూపలేదు. ఆయనకు అన్ని వాక్యాలు రావు కూడా.

చర్చిలో కోళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పాస్టరుగారు కళ్లు మూసుకుని చేతులు చాపి కానుకల కోసం ప్రార్థించారు. ఒక్కొక్కదాని పేరూ చెప్పి కృతజ్ఞత చెల్లించారు. వడ్లు, రాగులు, గుమ్మడికాయలు, కోళ్లు. అక్కడ ఆగారు. నేను కళ్లు తెరిచి చూస్తున్నాను. "ఆకులు," అన్నారు. తులసి అనలేదు. ఆకులు అన్నారు. నేను విన్నాను.

తర్వాత సంస్కారం. మొగవాళ్లు పోయి వచ్చారు, ఆడవాళ్లు పోయి వచ్చారు. అందరూ కూర్చున్నాక పాస్టరుగారు వెనక్కి తిరిగి కప్పును బల్ల మీద పెట్టి గుడ్డ కప్పాలి. ఆయన తిరగలేదు. కప్పు రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడ్డారు, తలుపు వైపు చూస్తూ. రమ్మనలేదు. పేరు పిలవలేదు. నాయన తల వంచుకుని ఉన్నాడు కాబట్టి ఆయనకు ఇదేమీ తెలియదు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆడవాళ్ల వైపు నుంచి అవ్వ గొంతు లేచింది.

"రేయ్ దావీదూ, లెయ్. అయ్యగారి చెయ్యి నొప్పెడతాది."

చర్చంతా నవ్వింది. పాస్టరుగారు నవ్వారో లేదో చెప్పలేను, కప్పు అడ్డంగా ఉంది. నాయన లేచి, తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకుని, చాపల మధ్య నుంచి ముందుకు నడిచాడు. అవ్వ నా భుజం ఊతగా పట్టుకుని ఆయన వెనకే పోయింది. తల్లీ కొడుకూ పక్కపక్కన మోకరించారు. చివరి కీర్తనలో అందరి కంటే అర అక్షరం వెనకగా పాడే గొంతు మళ్లీ వినబడింది.

వేలంలో మేస్త్రి తులసిబుట్ట ఎత్తి పట్టుకుంటే ఎవరూ పాట పాడలేదు. "కొండకు పంపీండి," అని వెనక నుంచి ఒకరు వేళాకోళం చేశారు. అప్పుడు పాస్టరుగారి భార్య చంటిపిల్లను చంకన మార్చుకుని, "మా పాపకు వారం నుంచి దగ్గు. కషాయానికి కావాలి. ఒక పడి బియ్యం," అంది. దగ్గు మాట వినగానే ఇంకొక ముసలామెకు తన కఫం గుర్తొచ్చింది. తర్వాత మేస్త్రి భార్యకే గుర్తొచ్చింది. ఆ చలికాలం సంఘంలో సగం మందికి దగ్గే. పాట ఎక్కడికో పోయింది. చివరికి పాస్టరుగారి భార్యే గెలిచింది. ఆ వారమంతా పాస్టరుగారి ఇంట్లో తులసి, మిరియాలు మరిగాయి.

సోమవారం పొద్దున బుట్ట రాయి మీద పెడుతుంటే ఆచార్లుగారు అడిగారు, "మీ సామి ఏమన్నాడప్పా?"

"ఏమీ అనలేదు సామీ. తీసుకున్నాడు."

"మా ఆయనా అంతే," అన్నారు ఆచార్లుగారు మాల వైపు చూస్తూ. "తీసుకుంటాడు. ఏమీ అనడు."

ఆ తర్వాత ఆ తోట ఉన్నంత కాలం తూర్పు గట్టు సాలు వేరేగానే ఉంది. పాస్టరుగారు తాను తప్పు చేశానని ఎప్పుడూ అనలేదు. నాయన తానే రైటని ఎప్పుడూ అనలేదు. ఆచార్లుగారి రాయి అక్కడే ఉంది, నీళ్లు చల్లడమూ మానలేదు. నాయన బల్లకు వచ్చాడు, తోటకు పోయాడు. అంతే జరిగింది.

జ్ఞాపకార్థ కూటం అయిన మూడో రోజు యువ పాస్టరుగారు నన్ను చూడడానికి వచ్చారు. మంచి పిల్లవాడు. ఇదంతా ఆయనకు చెప్పాను. ఓపిగ్గా విని, "కానీ అమ్మా, పీకేశాడంటేనే జనానికి విశ్వాసం కనిపిస్తుంది," అన్నారు.

"పీకడం ఒక్క పూట పని నాయనా," అన్నాను. "పీకకుండా, ఎంగిలి చెయ్యకుండా, అబద్ధం ఆడకుండా ఉండటానికి ఆయనకు బతుకంతా పట్టింది."

ఆయన తల ఊపారు. వచ్చే ఆదివారం సరిచేస్తానన్నారు. చేశారో లేదో నేను వినలేదు. ఆ ఆదివారం నేను ఆయన చర్చికి పోయాను, నిజమే, కానీ సాక్ష్యాల వేళకు నా చెవి మిషను ఆగిపోయింది. మిగతా ఆరాధన కళ్లతో చూశాను. చర్చి ఇప్పుడు చల్లగా ఉంది, నేలంతా రాళ్లు పరిచారు. చాపల్లేవు, చెప్పులకు అరలున్నాయి. జనం మా కాలానికి పదింతలు. సంస్కారం పళ్లేల్లో వచ్చింది. చిన్నచిన్న ప్లాస్టిక్ కప్పులు, బొటనవేలంత, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. పళ్లెం ఒక బెంచీ నుంచి ఇంకొక బెంచీకి చేతులు మారుతూ పోయింది. నాకు ముందు వరసలో ఒకాయన తీసుకోలేదు. పక్కకు అందించి, తల వంచుకుని కూర్చున్నాడు. ఎందుకో ఆయనకే తెలియాలి. పళ్లెం ఆగలేదు. ఎవరూ తిరిగి చూడలేదు. కాసేపటికి అంతా అయిపోయింది.

శుభ్రత మాటకొస్తే ఇదే మేలు, కాదనను. ఆ రోజుల్లో అందరి మూతులూ ఒకే అంచుకు తగిలేవి, ఊరంతటికీ దగ్గు అందుకే వచ్చేదేమో. కానీ మా పాస్టరుగారి మనసు ఆ ఆదివారం మారిందా అని నన్ను ఎవరైనా అడిగితే, తెలియదనే చెబుతాను. ఆయన కప్పు పట్టుకుని ఆగారు. అంతవరకే నేను చూశాను. అప్పట్లో సంఘానికంతా కప్పు ఒక్కటే. ఒక మనిషి రాకపోతే, దాన్ని పట్టుకున్నవాడు నిలబడి చూడవలసి వచ్చేది.